తమ్ముని దగ్గర చదువుకున్న అక్క

తెలుగు చదివే మన మిత్రులలో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి పేరు విననివారు ఉండరు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి చరిత్రనూ సైన్సునూ తెలుగులో అందించారు. సైన్సు విద్యార్థిని గనుక నాకు ఆయనంటే మరింత గౌరవం. అయితే నేను రాయబోయేది ఆయన గురించి కాదు, వారి అక్కగారు భండారు అచ్చమాంబ గురించి.

అచ్చమాంబగారు 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పదేళ్లకు పెళ్లయింది. భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు. ఆడవాళ్లకు చదువెందుకు అనుకునే కాలం అది. భర్తకూ ఆ విషయంలో ఇష్టం లేకపోయింది. మన భువనగిరిలో మొదటి చదువులు చదివిన తమ్ముడు పైచదువుకు నాగపూరులో అక్క దగ్గరికి చేరాడు. ఆమె తమ్మునికి అన్నం పెట్టి చదివించారు. అతను చదివేటప్పుడు పక్కన కూర్చొని తాను తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తనకంటే మూడేళ్లు చిన్నవాడే ఆమెకు గురువు! తర్వాత బెంగాలీ, గుజరాతీ, సంస్కృతం కూడా పట్టుకున్నారు.

పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఆ దుఃఖంతో తలుపు మూసుకొని కూర్చోకుండా, దిక్కులేని పిల్లలను ఇంట్లో పెట్టుకొని పెంచారు. మన దేశ చరిత్రలో పేరుపొందిన స్త్రీల జీవితాలను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని రాశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం నెలకొల్పారు. ఊరూరా తిరిగి స్త్రీవిద్య గురించి ఉపన్యాసాలిచ్చారు. అదే ఏడు ‘హిందూ సుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ కథ అచ్చయింది. పండుగ పూట ఇంట్లో పైసా లేక భర్త పరాయి సొమ్ముకు ఆశపడితే, భార్య వద్దని తిప్పి పంపే కథ. గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910 నాటిది. తెలుగులో మొదటి కథ ఏదన్న చర్చలో అచ్చమాంబగారి పేరు అందుకే వస్తుంది.

ప్లేగు క్రిమిని 1894లో యెర్సిన్ కనుగొన్నాడు. ఎలుకల మీది ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల అది పాకుతుందని 1898లో సైమండ్ చూపించాడు. కాని పనిచేసే మందు రావడానికి ఇంకా నలభై ఏళ్లు పైన పట్టింది. అటువంటి రోజుల్లో ఈమె రోగుల పక్కన కూర్చొని సేవ చేశారు. 1905 జనవరి 18న, ముప్పై ఏళ్లకే కన్నుమూశారు. ఆమె చూడని విజ్ఞాన చంద్రికా మండలి మరుసటి ఏడు మొదలైంది.

మాది ఇబ్రహీంపట్నం, వ్యవసాయ కుటుంబం. మా అక్క పదో తరగతి పాసై ఆగిపోయింది. తెల్లారకముందే లేచి పాలు పిండుతది. నా ఫీజు, బస్సు పాసు ఆ పాల డబ్బులే. ఈ ఏడు ఓపెన్ ఇంటర్ కట్టింది. రాత్రి వంటపని అయినాక ఇద్దరం ఒకే దీపం కింద కూర్చుంటం. నాకు తెలిసింది నేను చెప్తా, తెలియనిది ఇద్దరం వెతుకుతం. మరోపక్క సంబంధాలు చూస్తున్నరు. పెళ్లయితే ఈ పుస్తకాలు ఏమైతయో మా ఇంట్లో ఇంకా తేలలేదు. పరీక్ష అయ్యేదాకా ఆగమని నాయనతో మాట్లాడుతున్న.

అచ్చమాంబగారిని లోకం చాలాకాలం లక్ష్మణరావుగారి అక్కగానే చెప్పుకుంది. నిజానికి తమ్ముడు ఇచ్చిన చదువును ఆమె తన దగ్గరే దాచుకోలేదు, పదిమంది ఆడవాళ్లకు పంచారు. మిత్రులకూ గురువులకూ ఒక మనవి. ఈ సంచిక చదివి అటకమీద పడేయకండి. మీ ఇంట్లో చదువు ఆగిపోయిన అక్కకో చెల్లెకో ఇచ్చి, పక్కన కూర్చోండి.