డార్విన్ ఇంట్లో పురుగులు తినే మొక్కలు



చార్లెస్ డార్విన్ 1809లో ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. నాన్న పేరున్న డాక్టరు. కొడుకునూ డాక్టరు చేయాలని 16 ఏళ్లకే ఎడిన్‌బరో పంపారు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆపరేషన్ చూసి తట్టుకోలేక చార్లెస్ బయటికి వచ్చేశారు. రెండేళ్లకే ఆ చదువు మానేశారు. వేట, కుక్కలు తప్ప వీడికేమీ పట్టదని, ఇంటి పరువు తీస్తాడని నాన్న బెంగపడ్డారు. అయినా 1831లో బీగిల్ నౌక ఎక్కుతానంటే, మొదట వద్దన్న ఆ నాన్నే చివరికి ఖర్చు పెట్టుకుని పంపారు.

పరిణామ సిద్ధాంతం పుస్తకం 1859లో వచ్చింది. మరుసటి వేసవిలో బంధువుల ఊళ్లో ఉండగా, చిత్తడి నేలలో డ్రాసెరా అనే చిన్న మొక్క ఆయన కంటబడింది. దాని ఆకుల మీది జిగురుకు పురుగులు అంటుకుని ఉన్నాయి. 12 మొక్కలు తీసి లెక్కపెడితే, విచ్చుకున్న 56 ఆకుల్లో 31 ఆకులకు చచ్చిన పురుగులో వాటి అవశేషాలో కనిపించాయి.

అప్పటి నుంచి ఇల్లే ప్రయోగశాల. ఆకుల మీద పాలు, గుడ్డు తెల్లసొన, పచ్చి మాంసం పెట్టి చూశారు. వాన చినుకులకు చలించని ఆకు నూగు, సన్నని తలవెంట్రుక ముక్క తగిలితే వంగింది. డార్విన్ ప్రోత్సాహంతో మిత్రుడు జోసెఫ్ హుకర్ కూజా మొక్కలకు మాంసం, తెల్లసొన వేసి, అవి అరిగించుకుంటాయని 1874లో ప్రకటించారు. మరుసటి ఏడాది డార్విన్ పుస్తకం వెలువడింది. మొదటి పరిశీలనకూ పుస్తకానికీ మధ్య 15 ఏళ్లు! అందులోని బొమ్మలు గీసింది ఆయన కొడుకులు జార్జ్, ఫ్రాన్సిస్.

ఒక ప్రశ్న మిగిలింది: పురుగులు తింటే మొక్కకు నిజంగా లాభమేనా? ఫ్రాన్సిస్ వైద్యం చదివినా ప్రాక్టీసు పెట్టలేదు, తండ్రికి సహాయకుడయ్యారు. 1876లో ప్రసవంలో భార్య చనిపోతే, పసిబిడ్డతో తల్లిదండ్రుల ఇంటికే వచ్చేశారు. మరుసటి ఏడాది సూప్ పళ్లేల్లో డ్రాసెరా పెంచి, మధ్యలో అడ్డు పెట్టి, ఒక వైపు మొక్కలకే మాంసం ముక్కలు వేశారు. వాటికి రెండింతలకు పైగా విత్తనాలు వచ్చాయి. డాక్టరు కాని తండ్రి వదిలిన ప్రశ్నకు, డాక్టరుగా పనిచేయని కొడుకు జవాబు కనుక్కున్నారు. 1882లో డార్విన్ కన్నుమూశారు.

మన దేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క ఒక్కటే, మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానా. అది అంతరించే ప్రమాదంలో ఉంది. కాబట్టి కూజా మొక్క పెంచాలనుకుంటే అడవి నుంచి తెచ్చింది కాకుండా, నర్సరీలో పెంచిందే కొనండి. ఇవి సారం లేని నేలకు అలవాటుపడినవి. అందుకే ఎరువు, పేడ వేస్తే వేర్లు దెబ్బతింటాయి. నాచు, పెర్లైట్ కలిపిన కుండీలో వేసి, వాన నీళ్లు గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ పోయండి. బోరు నీళ్లు వద్దు. మండే ఎండ తగలకుండా, వెలుతురు, గాలిలో తేమ ఉన్న చోట ఉంచండి. రెండు మూడు కణుపులున్న కొమ్మను కత్తిరించి తడి నాచులో గుచ్చి, పైన పాలిథిన్ కవరు కప్పితే కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో వేర్లు వస్తాయి. మాంసం వేయనక్కర్లేదు. చీమల్ని అదే పట్టుకుంటుంది.

ఏ కూజాలో ఎన్ని చీమలు పడ్డాయో మీ పిల్లల్ని లెక్కపెట్టి రాసుకోమనండి. ఆ నోటుబుక్కుకు మార్కులు వేయకండి. కాసేపు పక్కన కూర్చుని చూడండి చాలు.