ఒత్తిడికి పేరు పెట్టిన సరిహద్దు ఊరి డాక్టరు

డాన్యూబ్ నది ఒడ్డున కొమారోమ్ అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. యుద్ధం ముగిశాక నదినే సరిహద్దు చేశారు. ఉత్తరపు గట్టు మీది పాత ఊరు చెకోస్లొవేకియాకు వెళ్లింది. అక్కడి హంగేరియన్ కుటుంబాలు ఇల్లు మారలేదు, వీధి మారలేదు. ప్రభుత్వం మారింది, ఆఫీసుల్లో భాష మారింది. నిన్నటి దాకా ఊళ్లో ఎక్కువమంది మాట్లాడే భాష తమది అనుకున్నవాళ్లు కొత్త దేశంలో భాషా అల్పసంఖ్యాకులయ్యారు. 1936లో బరంపురం ఒడిశాలో, 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరినప్పుడు అక్కడి తెలుగు ఇళ్లూ ఇలాంటి మార్పునే చూశాయి. కనుక ఈ సంగతి మన పాఠకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ మార్పు వచ్చినప్పుడు కొమారోమ్‌లో బెనెడిక్టైన్ సన్యాసులు నడిపే బడిలో పన్నెండేళ్ల పిల్లవాడు ఒకడు చదువుకుంటున్నాడు. పేరు హాన్స్ సెల్యే. వంతెన మీద, ఇనుప దూలం మీద పడే బరువు గురించి ఇంజనీర్లు వాడుకునే స్ట్రెస్ అనే మాటను మనిషి శరీరానికి అన్వయించి ప్రపంచమంతా వాడేలా చేసింది తర్వాతి రోజుల్లో ఆయనే. మనం ఒత్తిడి అంటున్నది దాన్నే.

పొద్దున్నే కడుపునొప్పి అనే పిల్లలు, ఇంట్లో అప్పజెప్పిన పాఠం తరగతిలో మరిచిపోయే పిల్లలు, చిన్న మాటకే భగ్గుమనేవాళ్లు, అసలు నోరే విప్పనివాళ్లు మన బడులన్నిటిలోనూ ఉన్నారు. వాళ్లకు మనం సులువుగా బద్ధకం, నటన, మొండితనం అని పేర్లు పెడుతుంటాం. ఆ పేర్లు పెట్టే ముందు సెల్యే జీవితం ఒకసారి తెలుసుకోవడం మంచిదని ఈ వారం ఆయన గురించి రాస్తున్నాం.

అందరు రోగులూ ఒకేలా ఉన్నారే!

సెల్యే 1907 జనవరి 26న వియన్నాలో పుట్టారు. తండ్రి హంగేరియన్, సైన్యంలో డాక్టరు. తల్లి ఆస్ట్రియా దేశస్థురాలు. ఇంట్లో హంగేరియన్, జర్మన్ రెండూ నడిచేవి. ఫ్రెంచి, ఇంగ్లీషు తర్వాత వచ్చి చేరాయి. 1924లో వైద్యం చదవడానికి ప్రాగ్ వెళ్లారు. చెక్ భాష మాట్లాడే నగరంలో ఆయన చేరింది జర్మన్‌లో చదువు చెప్పే విశ్వవిద్యాలయంలో.

అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడు ఒకరోజు ప్రొఫెసరు వేర్వేరు జబ్బులున్న రోగులను వరసగా చూపించి, ఏ లక్షణాన్ని బట్టి ఏ జబ్బును గుర్తించాలో వివరించారు. తోటి విద్యార్థులు జబ్బుకూ జబ్బుకూ మధ్య తేడాలు రాసుకున్నారు. సెల్యే కంటికి ఆనింది వాళ్లలో ఉన్న పోలిక. జబ్బు ఏదైనా అందరికీ ఆకలి లేదు, ఒళ్లు నొప్పులు, నీరసం, నాలుక మీద పాచి, పీక్కుపోయిన ముఖం. వేర్వేరు దెబ్బలకు శరీరం ఒకే రకంగా ఎందుకు స్పందిస్తోంది? ఆ ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కూడా పక్కన పెట్టేశారు. పదేళ్ల తర్వాత అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది.

ఓడిపోయిన ప్రయోగం

1929లో డాక్టరు పట్టా తీసుకున్న సెల్యే 1931లో ఫెలోషిప్ మీద అమెరికా చేరి, మరుసటి ఏడాది కెనడాలోని మాంట్రియల్‌కు వెళ్లారు. అక్కడి మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కొత్త హార్మోను కోసం వెతకడం ఆయన పని. పశువుల అండాశయాల నుంచి తీసిన రసాన్ని ఎలుకలకు ఎక్కించి చూస్తే మూడు మార్పులు కనిపించాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. రోగాలను ఎదిరించే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని యువ శాస్త్రవేత్త సంబరపడ్డారు.

ఆ సంబరం నిలవలేదు. వేరే అవయవాల రసం ఎక్కించినా అవే మూడు మార్పులు వచ్చాయి. చివరికి శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఎక్కిస్తే ఇంకా ఎక్కువగా వచ్చాయి. అంటే హార్మోనూ లేదు, ఏమీ లేదు. కొన్ని రోజులు ఏ పనీ చేయలేక కూర్చున్నారు. అప్పుడు ప్రాగ్‌లో చూసిన రోగులు గుర్తుకొచ్చారు. ఎలుకలను చలిలో ఉంచారు, అలిసిపోయేదాకా పరిగెత్తించారు, రకరకాల మందులు ఎక్కించారు. ఏం చేసినా అవే మూడు మార్పులు. దెబ్బ ఏదైనా శరీరంలో మోగే గంట ఒకటే అని ఆయనకు అర్థమైంది.

ఇది పనికిమాలిన పరిశోధన, మానుకో అని పెద్దలు సలహా ఇచ్చారు. ఇన్సులిన్ కనుగొన్న ఫ్రెడరిక్ బాంటింగ్ మాత్రం ధైర్యం చెప్పి, కొద్దిపాటి డబ్బు కూడా ఇప్పించారు. 1936 జూలై 4న నేచర్ పత్రికలో సెల్యే రాసిన చిన్న లేఖ అచ్చయింది. ఒక్క పేజీ కూడా నిండని ఆ లేఖతోనే ఒత్తిడి శాస్త్రం మొదలైందంటారు.

మోసపుచ్చే రెండో దశ

ఆ స్పందనను సెల్యే మూడు దశలుగా విడదీశారు. మొదటిది ప్రమాద ఘంటిక. రెండోది తట్టుకునే దశ. మూడోది అలిసిపోయే దశ.

మొదటి దశ మనందరికీ తెలిసిందే. వీధిలో కుక్క మీదికి వస్తే పిల్లవాడి గుండె దడదడ కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల నెమ్మదిస్తుంది. క్షణాల్లో అడ్రినలిన్, కొన్ని నిమిషాల్లో కార్టిసాల్ రక్తంలోకి వస్తాయి. కుక్క వెళ్లిపోయాక, కార్టిసాల్ పెరిగిన సంగతి మెదడే కనిపెట్టి ఇక చాలని ఆపుతుంది. ఈ గంట మోగడం జబ్బు కాదు. పరుగు పందెం, వేదిక మీద మొదటి పద్యం, పరీక్ష ముందు పది నిమిషాల గుబులు పిల్లలకు చేటు చేయవు. అన్ని ఒత్తిళ్లూ చెడ్డవి కావని సెల్యే కూడా తర్వాత ఒక పుస్తకమే రాశారు.

గంట ఆగకపోతేనే కష్టం. ఇంట్లో రోజూ గొడవ, తండ్రి తాగుడు, అప్పులవాళ్ల రాక, బడిలో ఎప్పుడు పడుతుందో తెలియని దెబ్బ, తోటివారి ఎగతాళి, ఇలా ప్రమాదం వెళ్లిపోకుండా గుమ్మంలోనే కూర్చుంటే శరీరం రెండో దశలోకి జారుతుంది. అప్పుడు పిల్లవాడు బయటికి మామూలుగానే ఉంటాడు. బడికి వస్తాడు, హోంవర్క్ చేస్తాడు. లోపల మాత్రం ఆ తట్టుకోవడానికే శక్తి ఖర్చవుతూ ఉంటుంది. కడుపునొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తరచూ జలుబు, జ్వరం దాని ఆనవాళ్లు కావచ్చు. ఎలుకల జీర్ణాశయంలో సెల్యే చూసింది గుర్తుంటే, పిల్లల కడుపునొప్పి అంతా నాటకమని కొట్టిపారేయలేం.

చదువు మీదా ఆ ప్రభావం ఉంటుంది. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఒత్తిడి హార్మోనును పట్టుకుంటుందని 1968లో బ్రూస్ మెకెవెన్ ఎలుకల్లో చూపించారు. ఒత్తిడి చాలాకాలం సాగితే అక్కడి నాడీకణాల కొమ్మలు కురచబడతాయని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. భయపడుతున్న పిల్లవాడి కళ్లు బోర్డు మీద ఉండవు, టీచరు ముఖం మీదా చేతి మీదా ఉంటాయి. వాడి మెదడు అప్పుడు నేర్చుకునే పనిలో లేదు, కాపలా కాసే పనిలో ఉంది.

మాట కోసం వెతుకులాట

1945లో సెల్యే మెక్‌గిల్ వదిలి, అదే నగరంలో ఫ్రెంచిలో బోధించే మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో పెద్ద పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. అక్కడ ఆయన దగ్గర పనిచేసిన రోజే గియెమాఁకు 1977లో నోబెల్ వచ్చింది. సెల్యేను చాలాసార్లు ప్రతిపాదించినా ఆయనకు మాత్రం రాలేదు. స్ట్రెస్‌కు సరిపోయే మాట ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ దొరక్క ఆ భాషలు ఇంగ్లీషు మాటనే తీసుకున్నాయి. తమాషా ఏమిటంటే, తనకు ఇంగ్లీషు ఇంకాస్త బాగా వచ్చి ఉంటే ఆ మాట కాకుండా స్ట్రెయిన్ అనే మాట ఎంచుకునేవాడినని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. నేర్చుకున్న భాషలో పొరపడ్డ మనిషి మాటే లోకమంతా నిలిచిపోయింది. రెండో భాషలో తప్పు మాట్లాడిన పిల్లలను చూసి నవ్వేవాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఇది.

ఆయన పనిలో లోటూ ఉంది, జీవితంలో మచ్చా ఉంది. దెబ్బ ఏదైనా స్పందన ఒకటే అన్న సిద్ధాంతాన్ని 1970 ప్రాంతంలో జాన్ మేసన్ ప్రశ్నించారు. కోతులను పస్తు ఉంచితే ఒత్తిడి హార్మోను పెరిగింది. పక్క కోతులు తినడం కనబడకుండా చేసి, పోషకాలు లేని ఉత్తి బిళ్లలు తినడానికి ఇస్తే పస్తు ఉన్నా పెరగలేదు. ఎక్కువ బాధపెట్టింది ఆకలి కాదు, పక్కవాడికి పెట్టి తనకు పెట్టకపోవడం. ర్యాంకుల పట్టికను గోడకు అంటించే బడులు ఈ కోతుల సంగతి ఆలోచించాలి.

మచ్చ పొగాకుది. సెల్యే పొగాకు పరిశ్రమ నుంచి డబ్బు తీసుకున్నారు. 1969లో కెనడా పార్లమెంటు కమిటీ ముందు సిగరెట్ల మీద ఆంక్షలకు అనుకూలంగా మాట్లాడలేదు. గుండెజబ్బుకు కారణం పొగ కాదు, ఒత్తిడే అని వాదించడానికి ఆ పరిశ్రమకు ఆయన పరిశోధన ఉపయోగపడింది. ప్రతి జబ్బునూ ఒత్తిడి ఖాతాలో వేయడం కూడా ప్రమాదమే. పిల్లవాడి కడుపునొప్పి తగ్గకపోతే ముందు డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, నులిపురుగులు, చూపులో లోపం ఉన్నాయేమో చూడాలి.

సెల్యే 1982 అక్టోబరు 16న మాంట్రియల్‌లో కన్నుమూశారు. ఇప్పుడు స్లొవేకియాలో ఉన్న ఆయన ఊళ్లో 2004లో హంగేరియన్ మాధ్యమంలో విశ్వవిద్యాలయం పెట్టి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన చదివిన బడికీ ఆ పేరే ఉంది.

గంటను ఆపేది ఎవరు?

గంట ఎలా మోగుతుందో సెల్యే చూపించారు. పిల్లల్లో దాన్ని ఏది ఆపుతుందో తెలియడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1990లలో మెక్‌గిల్‌లోనే మైకేల్ మీనీ బృందం తల్లి ఎలుకలను గమనించింది. తల్లి ఎక్కువగా నాకి, దగ్గరకు తీసుకున్న పిల్లలు పెద్దయ్యాక తక్కువ బెదిరేవి, వాటి ఒత్తిడి హార్మోను త్వరగా దిగేది. అంతగా పట్టించుకోని తల్లి కన్న పిల్లలను ప్రేమగా చూసే తల్లి దగ్గర పెంచినా ఇదే ఫలితం. రుమేనియాలో 2000 సంవత్సరంలో మొదలైన పరిశోధన అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లను చేర్చుకుని, వారిలో కొందరిని పెంపుడు కుటుంబాలకు పంపింది. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికిన పిల్లల్లో ఒత్తిడికి శరీరం స్పందించే తీరు మామూలు పిల్లలకు దగ్గరగా వచ్చింది. ఆశ్రమంలోనే పెరిగినవాళ్లలో అది మందగించింది. తోడుగా నిలిచే పెద్దమనిషి ఒకరుంటే నాడీ వ్యవస్థ కుదుటపడుతుంది. ఎంత త్వరగా ఆ తోడు దొరికితే అంత మంచిది.

మన పిల్లలకు ఒక అదనపు బరువు ఉంది. అయిదో తరగతి దాకా తెలుగులో చదివి, ఆరులో తమిళానికో కన్నడానికో ఒడియాకో మరాఠీకో ఇంగ్లీషుకో మారేవాళ్లు చాలామంది. ఎక్కువ భాషలు నేర్చుకోవడం వల్ల పిల్లలు చెడిపోరు, సెల్యేనే అందుకు ఉదాహరణ. తరగతిలో ఏం జరుగుతోందో అర్థం కాకపోవడం, అడిగితే నవ్వుతారన్న భయం నెలల తరబడి ఉండటమే గంటను ఆగనివ్వదు.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మారబోయే బడిని వేసవిలోనే ఒకసారి చూపించి తీసుకురండి. మొదటి రెండు మూడు నెలలు సందేహాలు తెలుగులో అడిగినా పరవాలేదని కొత్త టీచరుతో మాట్లాడి ఒప్పించండి. టీచర్లు పరీక్ష, తనిఖీ వంటివి ముందురోజే చెప్పండి. ఎప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం అక్కడే తగ్గుతుంది. తప్పుకు శిక్ష పడుతుందేమోనన్న బెదురుతో ఏ పిల్లా తరగతిలో కూర్చోకూడదు. ఇంట్లో రాత్రి నిద్రవేళ రోజూ ఒకేలా ఉండనివ్వండి. ముందు బాగా చదివి ఇప్పుడు వెనకబడుతున్న పిల్లలుంటే, కారణం మార్కుల పట్టికలో వెతకకండి. ఇంట్లో, దారిలో, తరగతిలో ఏం మారిందో పక్కన కూర్చుని తెలుగులో అడగండి, చెప్పేదాకా ఆగండి.