నిజాము ధర్మనిధి

హైదరాబాదు నగరమున అమీరుపేటనుండి పంజగుట్ట కూడలి దాటి ఖైరతాబాదువైపు సాగు రాజమార్గముపై, నానా మండలములనుండి రోగులు వెదకికొనుచు వచ్చు వైద్యసంస్థ యొకటి కలదు. జనులు దానిని సంక్షేపముగా నిమ్స్ అని పిలుతురు. ఆ పేరు నిజామును సూచించునని యెరిగినవారు పలువురున్నను, అది యెట్లు వెలసెనో యెరిగినవారు కొలదిమందియే. వెట్టిచాకిరిని, రజాకార్ల దురంతములను మరువజాలని తెలంగాణపు కుటుంబములకు ఆ నామము నేటికిని కటువుగానే వినవచ్చును. అయినను ఆ వైద్యశాల పుట్టుకయందు ధనవంతులెల్లరు నేర్వదగిన పాఠమొకటి యున్నది. దానిని గ్రహించుటకు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను జీవితమును రాగద్వేషములు విడిచి పరిశీలింపవలసియున్నది.

ఉస్మాన్ అలీఖాను 1886 ఏప్రిల్ 6వ తేదీన జన్మించెను. 1911 ఆగస్టులో తండ్రి మహబూబ్ అలీఖాను మరణింపగా సింహాసనమెక్కెను. అంతకు మూడేండ్ల క్రిందట, 1908 సెప్టెంబరులో, మూసీనది పొంగి నగరమును ముంచి వేలాది ప్రాణములను హరించియుండెను. అట్టి విపత్తు మరల రాకుండుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాల ననుసరించి 1920 నాటికి ఉస్మాన్ సాగరము, 1927 నాటికి హిమాయత్ సాగరము నిర్మింపబడెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమై, ఇంగ్లీషును కాదని దేశభాషలో ఉన్నతశాస్త్రములు బోధించుటకు సాహసించెను. మంజీరపై కట్టిన నిజాంసాగరము 1931లో ముగిసి నిజామాబాదు మండలపు పొలములకు జీవమొసగెను. పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థ మహాభారతమును సంశోధించి ప్రకటింప బూనినపుడు దానికిని నిజాము ధనసహాయము లభించెను.

ఇవి మేలిపనులు కావని యెవ్వరు ననజాలరు. కాని ఇవి ప్రభువు దయగా వచ్చెనేగాని ప్రజల హక్కుగా రాలేదు. విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. రాజ్యమున నెక్కువమంది మాటలాడు భాష తెలుగు. 1921లో వివేకవర్ధిని నాటకశాలలో జరిగిన సభయందు తెలుగున ప్రసంగింప లేచినవానిని హేళనచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘ ముదయించెను. 1938లో వందేమాతరము పాడిన విద్యార్థులను అదే ఉస్మానియానుండి వెడలగొట్టిరి. 1937లో అమెరికాదేశపు టైమ్ పత్రిక నిజాము బొమ్మను ముఖపత్రమున వేసి లోకమున కెల్ల ధనికుడని చాటెను. ఆ కాలముననే ఆతని రాజ్యములోని పల్లెలలో జాగీర్దారుల క్రింద, దేశముఖుల క్రింద, రైతుకూలీలు కూలిలేని వెట్టి చేయుచుండిరి. చేతితో నిచ్చిన ప్రభువు అదే చేతితో నోరు మూయించెను. 1947, 48లలో రజాకార్లు సాగించిన ఘోరములకు ప్రభువుగా ఆతడు బాధ్యుడు కాడనుటకు వీలులేదు. 1948 సెప్టెంబరు 17వ తేదీన ఆ యధ్యాయము ముగిసెను.

పిమ్మట ఆతని జీవితమున రెండవ ఘట్టము ప్రారంభమయ్యెను. 1949లో సొంత ఎస్టేటగు సర్ఫెఖాసు ప్రభుత్వమున విలీనమయ్యెను. 1950 జనవరినుండి 1956లో రాష్ట్రములు పునర్విభజింపబడువరకు ఆతడు రాజప్రముఖుడుగా నుండెను. పదవి మిగిలెనుగాని అధికారము మిగులలేదు. మిగిలినది ధనమొక్కటే. ఆ ధనమును ఆతడు అనేక నిధులుగా విభజించి ధర్మకర్తల కప్పగించెను. కుటుంబమునకు కొన్ని, మతకార్యములకు కొన్ని. ప్రజోపకారమునకై యేర్పడినది ధర్మనిధి.

దానమునకును ధర్మనిధికిని భేదము గమనింపదగినది. దానము దాత చిత్తముపై నాధారపడును. నేడిచ్చినవాడు రేపు మానవచ్చును. ధర్మనిధి యట్టిది కాదు. శాసనపూర్వకముగా వ్రాసియిచ్చిన పిమ్మట మూలధనము దాత సొత్తు కాదు. దానిపై వచ్చు ఆదాయమును పత్రమునందు జెప్పిన కార్యమునకే ధర్మకర్తలు వెచ్చింపవలెను. ఇది మనకు క్రొత్త విషయము కాదు. చెరువు కట్టించి, దానిని కాపాడువానికి దశబంధపు ఇనాము లేర్పరచిన పూర్వులకు ఈ రహస్యము తెలియును. కట్టినవాడు పోయినను కట్ట తెగకూడదనియే వారి యూహ.

పంజగుట్టలో నిజాము ధర్మనిధి యెముకల వైద్యశాలను నిర్మించెను. 1964లో, నిజాము జీవించియుండగానే, అది ప్రారంభమయ్యెను. పోలియో పసివాండ్ర కాళ్లను చచ్చుపరచుచుండిన కాలమది. అట్టి వైద్యశాల బీదలకెంత యవసరమో చెప్పనక్కరలేదు. 1967 ఫిబ్రవరి 24వ తేదీన ఆతడు మరణించెను. పిమ్మట వైద్యశాల ప్రభుత్వము చేతికి వచ్చెను. 1980ల దశకమున అది పెక్కు విభాగములతో విస్తరించి, అమెరికానుండి మరలివచ్చిన కాకర్ల సుబ్బారావుగారి యాధ్వర్యమున ప్రఖ్యాతి గాంచి, విశ్వవిద్యాలయ ప్రతిపత్తి బడసెను. నిజాము పేరు మాత్రము నిలిచియుండెను.

అచటి ఎముకల వైద్యుడొకరు నగరమునందలి క్షిపణి పరిశోధనశాలకు పోయి, అగ్ని క్షిపణికై సిద్ధపరచిన మిశ్రపదార్థమును చేతబట్టి చూచి, దాని తేలికదనమునకు విస్మితుడయ్యెను. పరిశోధనశాల కధిపతియైన అబ్దుల్ కలాముగారిని తన వైద్యశాలకు దోడ్కొనిపోయి, మూడు కిలోలకు పైబడిన లోహపు క్యాలిపర్లు తగిలించుకొని కాళ్లీడ్చుచున్న బాలబాలికలను జూపెను. మూడు వారములలో కలాముగారి బృందము 300 గ్రాముల క్యాలిపర్లను తయారుచేసి తెచ్చెను. పిల్లలు తేలికగా నడచిరి. తల్లిదండ్రుల కన్నులు చెమర్చెను. ఆయుధమునకై పుట్టిన విద్య కుంటివానికి ఊతమయ్యెను.

ఆ క్యాలిపరును నిజాము కనిపెట్టలేదు. ధర్మనిధి పత్రమున దాని ప్రసక్తియు లేదు. కాని పిల్లవాని కాలును దినదినము చూచు వైద్యుని కొక చోటు కావలెను. ఆ చోటు నేర్పరచినది ధర్మనిధి. దానిని పెంచినది ప్రభుత్వము. ఫలింపజేసినది వైద్యుని దృష్టి, శాస్త్రజ్ఞుని నేర్పు. నూతనకల్పన యాజ్ఞాపించిన రాదు. అది పుట్టుటకు తగిన తావు నేర్పరచుటయే దాత చేయగలిగిన పని.

నిజాము 1965లో దేశరక్షణకై అయిదువేల కిలోల బంగారము దానమిచ్చెనని యొక కథ వ్యాపించియున్నది. అది నిజము కాదు. ఆతడు 425 కిలోల బంగారమును 6.5 వంతు వడ్డీపై జాతీయ రక్షణ స్వర్ణ పథకమున మదుపుచేసెను. ఇట్టి కథలు ఆతనికి కీర్తి తేజాలవు. కట్టడములు, కథలు ప్రభువును పొగడును. పంజగుట్టలో నడక నేర్చిన పిల్లవాడు ఆతనిని పొగడవలసిన పనియైనను లేదు.

ఆ ధనము రైతు చెల్లించిన శిస్తునుండియు, పల్లెల కష్టమునుండియు వచ్చినదే. కావున ధర్మనిధి దాతృత్వము మాత్రమే కాదు, కొంతవరకు ఋణవిమోచనము. ఆతని పాలన నేరములు దీనివలన మాసిపోవు. ఈ మేలును ఆ నేరములవలన మాసిపోదు. కలిగినవారు గ్రహింపవలసినది యేమనగా: అధికారముండగా నిచ్చినది అధికారముతోడనే పోవచ్చును, చేతినుండి విడిచి, నియమమునకు లోబరచి, ఇతరుల వివేకమున కప్పగించినదే దాతను మించి బ్రదుకును. భూములు, భవనములు గలవారు బ్రదికియుండగనే ఈ పని చేయుదురుగాక.