తిమోతి ఒసల్లివన్

అమెరికా అంతర్యుద్ధమున రణభూములను చిత్రించి పేరు గడించిన ఛాయాగ్రాహకుడు తిమోతి ఒసల్లివన్. 1867లో ఆతడు క్లారెన్స్ కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుని సర్వే బృందముతో నెవాడా ఎడారులకు బయలుదేరెను.

నాడు ఫిలిము లేదు. చిత్రమెంత పెద్దది కావలెనో గాజుపలకయు నంత పెద్దది కావలెను. పలకపై కొలోడియన్ అను జిగటద్రవమును పరచి, చీకటిలో సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచి, తడి యారకమునుపే చిత్రము తీసి, వెంటనే రసాయనములతో కడుగవలెను. ఎడారి యెండకు ఆ తడి నిమిషములలో ఆరిపోవును. ఇసుక రేణువులు అంటినచో చిత్రము చెడును. అందుచే క్షతగాత్రులను మోయు సైనికుల బండినే ఆతడు చీకటిగదిగా మార్చుకొనెను.

కార్సన్ ఎడారిలో తీసిన చిత్రమున ఇసుక తిన్నెల నడుమ ఆ బండియు, దానిని లాగిన నాలుగు కంచరగాడిదలును, బండినుండి కెమెరావైపు వచ్చిన అడుగుజాడలును కానవచ్చును. అంతటి శూన్యమున మానవుని జాడ అంతయే! ఆకాశము మాత్రము తెల్లకాగితమువలె నుండును. నీలివర్ణమునకు ఆనాటి పలకలు మితిమీరి స్పందించుటయే కారణము.

1871లో లెఫ్టినెంటు వీలర్ బృందముతో కొలరాడో నదీప్రవాహమునకు ఎదురుగా పడవలలో పయనించెను. ప్రాణములకు తెగించి తీసిన పలకలలో పెక్కు వాషింగ్టను చేరకమునుపే పగిలిపోయెను. అయినను 1873లో మరల ఎడారికే పోయి, కాన్యన్ డి షే లోయలోని ప్రాచీన శిలాగృహములను చిత్రించెను.

1882లో క్షయవ్యాధితో మరణించెను. లోకము ఆతనిని మరచెను. 1930 దశకపు చివర, ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ ఆ చిత్రములున్న పాత ఆల్బమొకదానిని న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాలకు పంపెను.