గొల్లసుద్దులే హనుమంతు బడి

తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) పాటనే ఆయుధంగా పట్టిన హనుమంతు అప్పటి నల్గొండ జిల్లా పాలడుగులో పుట్టారు. తర్వాత స్థిరపడిన సుద్దాల ఊరే ఆయన ఇంటిపేరైంది. హైదరాబాదులో కొన్నాళ్ళు చిన్న ఉద్యోగం చేశారు. పాట నేర్చింది మాత్రం పల్లెలోనే.

భుజాన గొంగడి, చేత కర్రతో ఒకరు కథ చెబుతుంటే పక్కవారు వంతపాడి నవ్వించే గొల్లసుద్దులను ఆయన తీసుకున్నారు. అందులో వెట్టిచాకిరి, దొరల జులుం చొప్పించి, దళం కట్టి ఊరూరా ఆడారు. బాణీ పాతదే గనుక చదువురాని కూలీలు సైతం ఇట్టే అందుకున్నారు. కచేరీ బాణీలో కడితే ఆ పాట గడీ దగ్గరే ఆగేది.

పశువులు కాసే పిల్లవానిపై ఆయన రాసిన పాట 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రంలో వినిపించింది. రెండేళ్ళకే, 1982లో, హనుమంతు కన్నుమూశారు.