ఎవరి నోట వస్తే బూతు? బెంగుళూరు నాగరత్నమ్మ జీవితం

2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో ఆడవాళ్ళను కించపరిచే స్టెప్పుల మీద సినిమావాళ్ళకు హెచ్చరిక జారీ చేసింది. నాలుగు రోజులు అందరూ మాట్లాడారు. మాటలు ఎక్కువగా ఆ డాన్సు చేసిన అమ్మాయి నడుం దగ్గరే ఆగిపోయాయి. పాట రాసిన కలం గురించి, బాణీ కట్టిన చెయ్యి గురించి, లాభం లెక్కపెట్టుకున్న జేబు గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

మా వైపు, అంటే తెనాలి, బాపట్ల, రేపల్లె, నగరం ఊళ్ళలో ఇదే సంగతి ఇంకో రూపంలో కనిపిస్తుంది. తిరునాళ్ళకు రికార్డింగ్ డాన్సు పెడతారు. చందాలు వేసేదీ ముందు వరుసలో కూర్చునేదీ ఊరి పెద్దలే. స్టేజీ ఎక్కేది పేదింటి ఆడవాళ్ళు. పోలీసులు వస్తే వ్యాను ఎక్కేది కూడా వాళ్ళే. పాట మాత్రం సెన్సారు సర్టిఫికెట్ ఉన్న సినిమాలోది. అదే పాట థియేటర్లో వినోదం, తిరునాళ్ళ స్టేజీ మీద అశ్లీలం.

పాట ఒకటే అయినా పాడే మనిషిని బట్టి, ఆడే మనిషిని బట్టి అది బూతు అవుతుందా? ఈ ప్రశ్నను నూట పదిహేనేళ్ళ కిందట తెలుగులో అచ్చువేసి అడిగిన మనిషి బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమెను ఇప్పుడు త్యాగరాజ భక్తురాలిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నారు. అది నిజమే, కానీ అందులో సగం జీవితమే ఉంది. మిగతా సగం మేము చెప్పదలుచుకున్నాం.

ఆమె 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులం మనిషి. తండ్రి వకీలు. ఆయన ఆ తల్లీబిడ్డలను వదిలేశాడు. ఇంట్లో మగ దిక్కు లేని ఆ తల్లి ఒక పట్టుదల పట్టింది. కూతురికి పాట, ఆట మాత్రమే కాదు, సంస్కృతం కూడా రావాలని. శూద్రులకే సంస్కృతం చెప్పడానికి వెనకాడే కాలంలో ఒక దేవదాసి బిడ్డకు చదువు సంపాదించడం ఎంత పనో మన పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. కన్నడం, తెలుగు, సంస్కృతం, కొంత ఇంగ్లీషు వచ్చాయి. సంగీతంలో బిడారం కృష్ణప్ప గురువు. పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చేసరికి తల్లి పోయింది. తర్వాత మైసూరు, బెంగుళూరు, ఆపైన మద్రాసు.

మద్రాసులో ఆమె కచేరీలకు గిరాకీ బాగా ఉండేది. గ్రామఫోన్ కంపెనీ దక్షిణాదిలో అడుగుపెట్టిన తొలి ఏళ్ళలోనే ఆమె గొంతు రికార్డుల కెక్కింది. ఆ కాలానికి పాపులర్ మ్యూజిక్ అంటే ఇదే. అప్పటి శ్రోతలు కీర్తనతో పాటు పదాలు, జావళీలు కూడా అడిగి పాడించుకునేవారు. జావళి అంటే ఈ రోజు మాటల్లో మాస్ పాట. ప్రియుడి మీద అలుక, కవ్వింపు, పక్కింటావిడతో వాడి సంబంధం గురించి ఎత్తిపొడుపు, అన్నీ అందులో ఉంటాయి. ఇవి పాడి సంపాదించిన ఆడవాళ్ళలో నాగరత్నమ్మ ఆదాయపు పన్ను కట్టే స్థాయికి ఎదిగింది. మద్రాసులో పన్ను కట్టిన తొలి కళాకారిణి ఆమే అని చెబుతారు.

పదాల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. రేపల్లె దగ్గర పెనుమూడి–పులిగడ్డ వారధి దాటితే దివిసీమ. అక్కడి నుంచి ఎంతో దూరం లేదు మొవ్వకు. క్షేత్రయ్య ఊరు అది. 17వ శతాబ్దంలో ఆయన కట్టిన పదాల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడదే. కోరిక, బేరం, పడకటింటి కబుర్లు దాపరికం లేకుండా ఉంటాయి. ఆ పదాలను మూడు వందల ఏళ్ళు గొంతులో పెట్టుకుని మన దాకా మోసుకొచ్చింది కలావంతుల, దేవదాసి కుటుంబాల ఆడవాళ్ళు. కట్టిన క్షేత్రయ్య మహాకవి అయ్యాడు, 1976లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. మోసినవాళ్ళు మాత్రం సానులు అయ్యారు. అన్నమయ్య శృంగార సంకీర్తనలను దేవస్థానమే అచ్చువేస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఆ మర్యాద ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే మా పేచీ.

నాగరత్నమ్మ చదువరి. ఒక పాత గ్రంథంలో ముద్దుపళని అనే కవయిత్రి పేరు, రాధికా సాంత్వనం అనే కావ్యం ప్రస్తావన కనపడ్డాయి. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న గణిక. కృష్ణుడికి తాను పెంచిన పిల్ల ఇళను ఇచ్చి పెళ్ళి చేసిన రాధ, తర్వాత తట్టుకోలేక అలిగితే, కృష్ణుడు వచ్చి బుజ్జగించడం ఆ కావ్యంలో కథ. మామూలుగా మగ కవులు రాసే శృంగారంలో ఆడది చూడబడే వస్తువు. ఇక్కడ కావాలని అడిగేది, చొరవ తీసుకునేది రాధ. పైగా ముద్దుపళని కావ్యం మొదట్లో తన ఇంటి ఆడవాళ్ళ పరంపర చెప్పుకుంది.

ఆ కావ్యం 1887లోనే పైడిపాటి వేంకటనరసు చేతుల మీదుగా ఒకసారి అచ్చయింది. అందులో ఆ పరంపర చెప్పుకున్న భాగం లేదు. కొన్ని పద్యాలు కూడా లేవు. శృంగారం ఉన్న పద్యాలు పోవడం ఒక ఎత్తు. తన అవ్వ పేరు చెప్పుకున్న భాగం పోవడం మాకు ఇంకా పెద్ద సంగతిగా తోస్తుంది. బూతు అని తీసేశారనుకుందామంటే, అవ్వ పేరులో బూతేముంది?

నాగరత్నమ్మ వెతికి మూల ప్రతి సంపాదించింది. పోల్చి చూసి, పోయినవన్నీ తిరిగి పెట్టి, 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించింది. తానే ముందుమాట రాసింది.

ఈ ముందుమాట ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలియాలంటే కందుకూరి వీరేశలింగం గారిని తలుచుకోవాలి. 1881లో తొలి వితంతు వివాహం చేయించిన మనిషి ఆయన. ఆ మేలు మేము మరువం. కానీ భోగం మేళాలను వెలివేయాలన్న ఉద్యమానికి తెలుగునాట ముందు నిలిచిందీ ఆయనే. ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని గురించి రాస్తూ, ఆమె వేశ్య కాబట్టి సిగ్గు లేకుండా రాసిందనీ, ఆడవాళ్ళు వినకూడని మాటలు ఒక ఆడదాని నోటి నుంచి వచ్చాయనీ ఆయన తీర్పు చెప్పారు.

దానికి నాగరత్నమ్మ ఇచ్చిన జవాబు ఇప్పటికీ పదునుగానే ఉంది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు వద్దా అని అడిగింది. ముద్దుపళని వేశ్య కాబట్టి అలా రాసిందంటే, సంసారులైన మగ కవులు అంతకంటే మోటుగా ఎందుకు రాశారని నిలదీసింది. పంతులు గారు స్వయంగా చూసి అచ్చుకు ఒప్పుకున్న వైజయంతీ విలాసంలో ఇంతకంటే మోటైన వర్ణనలు లేవా అని ఎత్తి చూపింది. గమనించండి, ఆమె శృంగారం మంచిదా చెడ్డదా అన్న వాదంలోకి దిగలేదు. కొలబద్ద అందరికీ ఒకటిగా ఉందా లేదా అని మాత్రమే అడిగింది.

జవాబు ప్రభుత్వం నుంచి వచ్చింది. 1911లో మద్రాసు పోలీసు కమిషనర్ కన్నింగ్‌హామ్ ఆ పుస్తకం ప్రతులను స్వాధీనం చేయించాడు. ప్రచురణకర్తల మీద కేసు పెట్టారు. పండితులు కొందరు ప్రభుత్వానికి విన్నపాలు పెట్టుకున్నా పని జరగలేదు. విక్టోరియా రాణి కాలపు సిగ్గు, మన బ్రాహ్మణీయ సిగ్గు ఇక్కడ చేతులు కలిపాయి. తెలుగు చదవలేని దొరకు ఏ పద్యం బూతో వేలు పెట్టి చూపించినవాళ్ళు తెలుగు వచ్చిన పెద్దమనుషులే కదా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన పక్కనే ఇంకో పాట ఉంది. ఒంగోలు ప్రాంతపు మాదిగల మధ్య పనిచేసిన మిషనరీ కుటుంబానికి చెందిన ఎమ్మా క్లఫ్ 1899లో ఒక పుస్తకం రాసింది. అందులో మాతంగి గురించి ఉంది. మాదిగ స్త్రీ అయిన మాతంగి జాతర రోజున బ్రాహ్మణుల మీద, రాజుల మీద, కోమట్ల మీద ఉమ్ముతూ, వాళ్ళను అవమానించే పాటలు పాడుతూ తిరుగుతుంది. వాళ్ళు తలవంచి ఊరుకుంటారు. ఆ పాటను ఎవరూ నిషేధించలేదు. ఎందుకంటే అది ఒక్క రోజు పాట. మర్నాటికి ఆమె మళ్ళీ ఊరవతలే. అమ్మవారి పేరు మీద నోరు పారేసుకోవచ్చు, సొంత పేరు మీద కుదరదు. నాగరత్నమ్మ చేసిన నేరం ఇక్కడుందని మా అభిప్రాయం. జాతర రోజు కాని రోజున, పగటిపూట, తన పేరు సంతకం చేసి, వెల వేసి అమ్మకానికి పెట్టింది.

తర్వాత ఆమె తిరువయ్యారు వైపు మళ్ళింది. 1847లో పోయిన త్యాగరాజు సమాధి శిథిలమై ఉందని గురువు కృష్ణప్ప ఉత్తరం రాస్తే, వెళ్ళి చూసి, తన డబ్బుతో గుడి కట్టించింది. 1925 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. ఏటా ఆరాధన చేసే వర్గాలు రెండుండేవి, రెండూ మగవాళ్ళవే. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదన్నారు. గుడి కట్టించిన మనిషికే పాడే హక్కు లేదు. నాదస్వరం వాయించే కులాల వాళ్ళకూ అక్కడ సమాన మర్యాద ఉండేది కాదు. ఆమె 1927లో సమాధి వెనక వైపు ఆడవాళ్ళతో వేరే ఆరాధన మొదలుపెట్టింది. పదమూడు, పద్నాలుగేళ్ళు అలా వెనక వైపే పాడారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటైతే గానీ ముందుకు రాలేకపోయారు.

ఆ 1927 సంవత్సరంలోనే డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ పద్ధతి రద్దుకు పోరాటం ఎత్తుకున్నారు. ముత్తులక్ష్మి తల్లి కూడా దేవదాసి కులం మనిషే. నాగరత్నమ్మ ఎదుటి పక్షంలో నిలబడింది. దేవదాసి అంటే వేశ్య కాదు, మాకు చదువు ఇవ్వండి, మా భూములూ కళా మా నుంచి లాక్కోకండి అని మద్రాసు దేవదాసీల సంఘం విన్నవించుకుంది.

ఇక్కడ మేము ఆమెతో పూర్తిగా నడవలేం. తెలంగాణలో జోగినులుగా, చిత్తూరు వైపు మాతమ్మలుగా వదిలేసిన దళిత ఆడపిల్లలకు మాన్యాలు లేవు, సంగీతం గురువులు లేరు, ఆదాయపు పన్ను లేదు. వాళ్ళ మీద జరిగింది కళ కాదు, కులం చేసిన లైంగిక దోపిడీ. 1947 నాటి మద్రాసు చట్టం సరిపోక, 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ చట్టం చేయాల్సి వచ్చింది. ఆచారం పోవాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. అయితే రద్దు జరిగిన తీరు వేరే కథ. ఆచారంతో పాటు ఆ ఆడవాళ్ళ బతుకుతెరువు, పాట కూడా పోయాయి. పాట మాత్రం ఇల్లు మారింది. పదాలు, నాట్యం సభా మందిరాలకు వెళ్ళాయి, శృంగారం తగ్గించుకుని, భక్తి పూసుకుని. గోదావరి జిల్లాల కలావంతుల ఇళ్ళల్లో ముసలమ్మలు తలుపులేసుకుని జావళీలు పాడుకుంటూ ఉండిపోయారని దావేష్ సోనేజీ 2012లో రాసిన పుస్తకంలో చూస్తాం. మహారాష్ట్రలో తమాషా ఆడే దళిత స్త్రీల మీద శైలజా పాయిక్ 2022లో వెలువరించిన ద వల్గారిటీ ఆఫ్ కాస్ట్ చదివితే, అశ్లీలం అన్న ముద్ర కులం చేతిలో ఎలా పనిచేస్తుందో ఇంకా విపులంగా తెలుస్తుంది.

ఒక అభ్యంతరం రావచ్చు. అయితే ఇప్పటి ఐటెం సాంగులన్నీ ముద్దుపళని వారసత్వమేనా అని. కాదు. ముద్దుపళని రాధ తన కోరిక తాను చెప్పుకుంది. మన ఐటెం సాంగులో ఆడదాని నోట్లో పెట్టే మాటలు చాలావరకు మగవాడు మగవాడి కోసం రాసినవి. వాటిని తప్పుపట్టాల్సిందే. కానీ తప్పుపట్టే వేలు ఎక్కువ సంపాదించినవాడి నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. మన దగ్గర అది రికార్డింగ్ డాన్సు పిల్ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది.

రాధికా సాంత్వనం మీద నిషేధం 1947లో తొలగింది. అప్పటి మద్రాసు ప్రధాని టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఆ పని చేశారు. వావిళ్ళవారు 1952లో మళ్ళీ అచ్చువేశారు. ఆ ఏడాది మే 19న నాగరత్నమ్మ పోయింది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి ఎదురుగా ఆమె సమాధి, విగ్రహం ఉన్నాయి.

1949లో ఆమె వీలునామా రాసింది. ఆస్తి మొత్తం ఆ సమాధి సేవకే ఇచ్చేసింది. ఇస్తూ ఒక షరతు పెట్టింది. ఆడవాళ్ళను, అందులో దేవదాసీ కులం ఆడవాళ్ళను కూడా, అక్కడ పూజకూ పాటకూ అడ్డుకోకూడదని.