ఢిల్లీ లేఖ: ఆలస్యంగా దర్శనమిచ్చిన ఘటక్

పార్లమెంటు గ్యాలరీలో శరణార్థుల లెక్కలు ఎన్నోసార్లు రాసుకున్నాను. ఆ అంకెల వెనుకనున్న మనుషులను నాకు చూపినవారు రిత్విక్ ఘటక్. 1925లో ఢాకాలో జన్మించిన ఆయనను దేశవిభజన జీవితాంతం వెన్నాడింది. 1952లో పూర్తిచేసిన తొలి చిత్రం ‘నాగరిక్’ 1977లో గాని విడుదలకు నోచుకోలేదు. అప్పటికి ఆయన కన్నుమూసి ఏడాది దాటింది. 1960 నాటి ‘మేఘే ఢాకా తారా’లో, ఇంటిభారమంతా మోసి క్షయవ్యాధి పాలైన శరణార్థి యువతి నీతాను సృష్టించారు. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో మణి కౌల్, కుమార్ సహానీలకు గురువైనారు. 1973లో బంగ్లాదేశ్‌లో నదీతీర మత్స్యకారుల బతుకును చిత్రించారు. 1976లో, యాభయ్యవ యేట, కలకత్తాలో మరణించారు.

బతికుండగా దక్కని ఆదరణ, పిదప ఫిల్మ్ సొసైటీల అభిమానులు ఒకరికొకరు చెప్పుకొనగా దక్కింది. నాకూ ఒక మిత్రుడే చెప్పాడు. పాఠకులకు నేను చెబుతున్నాను: సరిహద్దులను గూర్చి వాదించే ముందు ఒకసారి నీతాను చూడండి.